నిప్పు దగ్గర పెద్దమనిషి పని

మంట కనబడగానే మనిషి చేతులు ఊరుకోవు. బకెట్ అందుకుంటాం, ఇసుక చల్లుతాం, అరుచుకుంటూ లోపలికి ఉరుకుతాం. ఒంటరిగా ఉన్నవాడు అలా చేస్తే అర్థం చేసుకోవచ్చు. పదిమందికి పెద్దగా ఉన్నవాడు అలా చేస్తే ఆ పదిమందికీ దిక్కు లేకుండా పోతుంది. మీరు గనిలో ఓవర్‌మన్ కావచ్చు, బొగ్గును సిద్ధం చేసి పంపే సీహెచ్‌పీలో షిఫ్టు ఇంచార్జి కావచ్చు, గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బట్టల షాపు మేనేజరు కావచ్చు, కాలనీ బడికి హెడ్మాస్టరు కావచ్చు. పైపు పట్టుకున్నవాడికి తన ముందున్న మంట తప్ప మరొకటి కనిపించదు. పక్క గదిలో ఎవరున్నారు, పొగ ఎటు మళ్ళింది, లోపలికి పోయిన ఇద్దరు ఇంకా ఎందుకు రాలేదు? ఇవి చూసేవాడు ఒకడు ఉండాలి. ఆ ఒకడు మీరే అయినప్పుడు ఏం చేయాలన్నదే ఈ అధ్యాయం.

దీన్ని నేర్చుకోవడానికి గోదావరిఖని కంటే మంచి బడి మన దగ్గర లేదని నా నమ్మకం. ఇక్కడి బొగ్గుకు అగ్గిపుల్ల అక్కర్లేదు. గాలి తగులుతూ వేడి బయటికి పోయే దారి లేకపోతే తనంతట తానే కాగి రాజుకుంటుంది. తవ్వి వదిలేసిన గోఫ్‌లో, కుప్ప పోసిన స్టాకులో, ఓపెన్‌కాస్ట్ బెంచీలో ఎక్కడైనా ఇదే తీరు. తరాలుగా ఆ నిప్పుతో కాపురం చేస్తున్న ఊరు ఇది. అందుకే సింగరేణి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఇక్కడికి దగ్గరే, రామగుండంలో ఉంది. అక్కడ శిక్షణ పొందే రెస్క్యూ మనుషులు ఆకాశం నుంచి ఊడిపడరు. గనుల్లో రోజూ డ్యూటీ చేసే కార్మికులు, సూపర్‌వైజర్లు, అధికారులే ఆక్సిజన్ సెట్టు వీపుకు కట్టుకుని పొగ నింపిన గ్యాలరీల్లో నడక నేర్చుకుంటారు.

వాళ్ళ అవసరం గనుల బయట కూడా పడింది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. కొండ కడుపులో 900 మెగావాట్ల కేంద్రం. దీపాలు ఆరిపోయాయి, సొరంగ మార్గమంతా పొగ నిండింది. లోపలున్నవాళ్ళలో ఎనిమిది మంది బయటపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఇంజినీర్లున్నారు, సిబ్బంది ఉన్నారు, బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ మనుషులు ఇద్దరున్నారు. మంటలార్పి కేంద్రాన్ని కాపాడాలని లోపలివాళ్ళు పెనుగులాడారని బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. ఆ రాత్రి తర్వాత సాయానికి పిలిచినవాళ్ళలో సింగరేణి రెస్క్యూ సిబ్బంది కూడా ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడూ వాళ్ళను పిలిచారు. ఎన్ని ఫైరింజన్లున్నా తీరని అవసరం వాళ్ళు తీరుస్తారు. ఊపిరి ఆడని చోట క్రమం తప్పకుండా పనిచేయడం వాళ్ళకు తెలుసు. ఆ క్రమంలో చాలా భాగం మన షాపుకూ, బడికీ, అపార్ట్‌మెంటుకూ పనికొస్తుంది.

మొట్టమొదట మనుషుల లెక్క.

బాయి (గని) దిగే ప్రతి మనిషీ ల్యాంప్ రూమ్ ముందు ఆగుతాడు. తన నంబరు క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు, పైకొచ్చాక అదే చోట తిరిగి ఇస్తాడు. దానికి తోడు హాజరు రిజిస్టరు ఉంటుంది. లోపల ఏదైనా జరిగితే పైన ఉన్న అధికారి అడిగే తొలి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది: ఎందరు దిగారు, ఎందరు ఎక్కారు, ఖాళీగా ఉన్న నంబర్లు ఎవరివి? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి పదిహేడు మంది కార్మికులు చనిపోయారు. అది నీటి ప్రమాదం, నిప్పుది కాదు. కానీ నీరైనా నిప్పైనా, లోపల ఎవరున్నారో పేరుపేరునా తెలియకపోతే వెతకడం మొదలుపెట్టేదెక్కడ?

ఇప్పుడు మీ షాపు సంగతి చూడండి. మంటలు లేచిన పది నిమిషాలకు మీరు రోడ్డు మీద నిలబడ్డారు. లోపల ఎవరైనా ఉన్నారా అని ఫైర్ సిబ్బంది అడుగుతారు. ‘అందరూ వచ్చినట్టే ఉంది’ అంటే అది జవాబు కాదు. ఆ ఒక్క మాట వల్ల ఖాళీ గదుల కోసం మనుషులు ప్రాణాలకు తెగించి వెతకాల్సి వస్తుంది, లేదా మనిషి ఉన్న గది వదిలేయాల్సి వస్తుంది. కాబట్టి హాజరు పుస్తకం గల్లాపెట్టె దగ్గర కాకుండా బయటికి పోయే తలుపు పక్కన ఉండాలి. బయటికి వచ్చాక అందరూ చేరే చోటు ముందే తెలిసి ఉండాలి, అది గేటుకు అడ్డం కాకూడదు. స్టోర్ రూములో సర్దడానికి వచ్చిన కూలీ, మూడో అంతస్తులో ఏసీ బాగుచేస్తున్న కుర్రాడు, టీ ఇవ్వడానికి వచ్చిన పిల్లవాడు ఏ రిజిస్టరులోనూ ఉండరు. వాళ్ళను గుర్తుపెట్టుకునే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. గనుల్లో కాంట్రాక్టు కార్మికుల హాజరు మీద పట్టుబట్టేది కూడా ఇందుకే.

లెక్క తేలుతుండగానే రెండో పని: ఇక్కడ పెద్ద ఎవరో అందరికీ వినబడేలా చెప్పడం. పెద్ద అధికారి వచ్చేదాకా ఆగకూడదు. అక్కడున్నవాళ్ళలో బాధ్యత గలవాడు ‘ఇప్పటి నుంచి నా మాట’ అని గట్టిగా అనాలి. తనకంటే పైవాడు వచ్చాక జరిగింది చెప్పి అప్పగించాలి, అప్పగించానని మళ్ళీ అందరికీ చెప్పాలి. అలా చెప్పకపోవడం వల్ల ఇద్దరు పెద్దలు చెరో దిక్కుకు మనుషులను తోలడం చిన్న మంటల దగ్గర కూడా కనిపిస్తుంది. 1970లో కాలిఫోర్నియా అడవులు, ఊళ్ళు కలిపి తగలబడినప్పుడు ఎన్నో శాఖలు వచ్చాయి. ఒకరి రేడియో ఒకరికి అందలేదు, ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. ఆ అనుభవం నుంచే ఘటనా స్థలంలో అధికారం ఎలా పంచుకోవాలన్న పద్ధతి పుట్టింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో దాన్ని మన దేశానికి తగ్గట్టు మార్గదర్శకాలుగా ఇచ్చింది. అందులో నాకు బాగా నచ్చినది ఒకటే: ఒక మనిషి నేరుగా ఐదుగురికి మించి చూసుకోవడం కష్టం. మీ కింద ఇరవై మంది ఉంటే ఇరవై మందికీ మీరే చెప్పకండి. నలుగురికి చెప్పండి, ఆ నలుగురూ మిగతావాళ్ళను చూసుకుంటారు. ఆ నలుగురిలో ఒకరికి లెక్క, ఒకరికి కరెంటూ గ్యాసూ, ఒకరికి రోడ్డూ ఫైరింజనూ, ఒకరికి దెబ్బలు తగిలినవాళ్ళు.

రెస్క్యూ మనుషులు పనిచేసే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అసలు విద్య అక్కడే ఉంది.

భూగర్భ గనిలో మంట ఉన్నప్పుడు మంచి గాలి ఆడే ఆఖరి చోటు ఒకటి చూసి అక్కడ స్థావరం పెడతారు. దాన్ని ఫ్రెష్ ఎయిర్ బేస్ అంటారు. పైన కంట్రోల్ రూముకు టెలిఫోన్, గ్యాసు కొలిచే పరికరాలు, ప్రథమ చికిత్స, అన్నింటికీ మించి సెట్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్న రెండో జట్టు అక్కడ ఉంటాయి. మొదటి జట్టు అక్కడి నుంచే పొగలోకి అడుగుపెడుతుంది. ఒక్కడుగా, ఇద్దరుగా పోరు. కెప్టెన్‌తో కలిపి ఐదారుగురు ఒక తాడుకు కట్టినట్టు కలిసే కదులుతారు. ఒకడికి బాగాలేకపోతే ఆ ఒక్కడు వెనక్కి రాడు, జట్టంతా వెనక్కి వస్తుంది.

కెప్టెన్ మాటిమాటికీ ప్రతివాడి గేజీ చూస్తాడు. వీపున ఉన్న సెట్టు సుమారు నాలుగు గంటలు ఊపిరి ఇస్తుంది. అయినా నాలుగు గంటలు పని అని ఎవరూ అనుకోరు. పోవడానికి ఒక వంతు ఆక్సిజన్ ఖర్చయితే, రావడానికి రెండు వంతులు ఉంచుకోవాలి. వచ్చేటప్పుడు భుజం మీద మనిషి ఉండొచ్చు, దారి కూలి ఉండొచ్చు, అలసట ఎలాగూ ఉంటుంది. జట్టులో ఎవరి గేజీ అందరికంటే తక్కువ చూపిస్తుందో ఆ గేజీయే జట్టుకు గడియారం. బలమైనవాడి ఊపిరితో లెక్క వేసుకునే కెప్టెన్ దగ్గర ఎవరూ పనిచేయకూడదు.

రెండో జట్టును వేరే పనికి వాడకూడదన్న నియమం అన్నింటికంటే కఠినమైనది. లోపల తోటివాళ్ళు కష్టపడుతుంటే వీళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. చూసేవాళ్ళకు కోపం వస్తుంది. ‘అంతమంది ఖాళీగా ఉన్నారు కదా, పంపరేం?’ అంటారు. ఆ మాటకు లొంగి పంపిన గంటలో మొదటి జట్టుకు ఏదైనా అయితే వాళ్ళను తెచ్చేందుకు ఎవరూ మిగలరు. మీ ఆఫీసులో, అపార్ట్‌మెంటులో ఆక్సిజన్ సెట్లు ఉండవు కనుక పొగలోకి ఎవరినీ పంపే అధికారమే మీకు లేదు. మంటలార్పే సిలిండర్‌తో చిన్న మంట ఆర్పడానికి వెళ్ళేవాళ్ళకైనా ఈ నియమాలు వర్తిస్తాయి: ఇద్దరికి తగ్గకుండా పోవాలి, తలుపు వీపు వెనక ఉండాలి, ఒకరు బయట నిలబడి చూడాలి, ఒక సిలిండర్ అయిపోయాక మంట తగ్గకపోతే బయటికి వచ్చేయాలి. రెండో సిలిండర్ వెతుక్కుంటూ లోపలే తిరిగే అలవాటు చాలామందికి ఉంది. అది మానిపించాల్సింది మీరే.

ఇక్కడ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. 1989 నవంబరులో రాణిగంజ్ మహావీర్ గనిలోకి నీళ్ళొచ్చినప్పుడు ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ తానే ఉక్కు క్యాప్సూల్‌లో కిందికి దిగి 65 మందిని పైకి పంపి, చివరగా తాను వచ్చాడు కదా, మరి నాయకుడు ముందుండాలా వెనకుండాలా అని. గిల్ చేసింది మహత్తరమైన పని. కానీ ఆయన దిగేనాటికి పైన బోరు వేసేవాళ్ళు, క్యాప్సూల్ తయారుచేసినవాళ్ళు, తాడు లాగేవాళ్ళు ఎవరి స్థానంలో వాళ్ళున్నారు. కింద గాబరాలో ఉన్న మనుషులను వరసగా ఎక్కించే పెద్దమనిషి అవసరం ఉంది. ఆ అవసరం ఎక్కడుందో అక్కడికి ఆయన వెళ్ళాడు. పైన ఏ ఏర్పాటూ చేయకుండా దూకే మనిషికి ఆయన పేరు చెప్పుకునే హక్కు లేదు.

పొగ గురించి చెప్పకుండా నిప్పు గురించి చెప్పడం దండగ. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. 1994 జనవరి 25న రాణిగంజ్ ప్రాంతంలోని న్యూ కెండా గనిలో మంటలొచ్చినప్పుడు 55 మంది ఊపిరాడకే పోయారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలుతుంటే పై గదుల్లో ఉన్నవాళ్ళు ఎనిమిది మంది చనిపోయారు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది చిన్నపిల్లలు. మూడు చోట్లా మనుషులను పొట్టన పెట్టుకున్నది ముఖ్యంగా పొగే. ఒకే ఇరుకు మెట్లదారి ఉన్న ఇంట్లో కింద మంట లేస్తే ఆ మెట్లు పొయ్యి మీది పొగగొట్టం అయిపోతాయి.

గనిలో గాలికి దారులుంటాయి: లోపలికి వచ్చేది ఇంటేక్, బయటికి పోయేది రిటర్న్. మంట ఇంటేక్ వైపు లేస్తే ఆ పొగ పనిచేసే మనుషుల మీదికే పోతుంది. అప్పుడు ఫ్యాన్ ఆపాలా, తిప్పాలా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కింద మనుషులు ఎక్కడున్నారో తెలియకుండా ఫ్యాన్ మీద చెయ్యి వేయకూడదు. ఒక సెక్షన్‌లో వాళ్ళను కాపాడబోయి ఇంకో సెక్షన్ మీదికి పొగ తోలినట్టు అవుతుంది. మీ భవనంలో ఫ్యాన్ అంటే తలుపులూ కిటికీలూ. కాలుతున్న గది తలుపు మూయించండి. మెట్లదారి తలుపులు తెరిచి పెట్టొద్దు. లిఫ్టు వాడనివ్వకండి. పొగ ఎటు పోతుందో ఒక నిమిషం చూసి, మనుషులను అది లేని దారిలో పంపండి. పై అంతస్తులో చిక్కినవాళ్ళకు మెట్లలో పొగ ఉంటే, దిగమని అరవడం కంటే తలుపు మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి, రోడ్డు వైపు కిటికీ దగ్గర నిలబడమని చెప్పడం మేలు.

ఫోన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 101 గానీ 112 గానీ చేసి చోటు, కాలుతున్నదేమిటి, లోపల ఎందరు, ఏ దారిన రావాలి అన్నవి చెప్పాలి. గోదావరిఖనిలో మనం మూతపడ్డ బాయిల పేర్లతోనే ఇంకా దారి చెప్పుకుంటాం: ఫైవ్ ఇంక్లైన్ అవతల, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ మూల మీద అని. ఊరివాడికి అది చాలు, కంట్రోల్ రూములో కూర్చున్న కొత్త మనిషికి చాలదు. చౌరస్తా, రోడ్డు, పెద్ద గుర్తు చెప్పి, రోడ్డు మీద ఒకరిని నిలబెట్టండి. ఫైరింజన్ తిరిగే చోట బైకులు లేకుండా చూడమనండి. ఫైర్ ఆఫీసరు దిగగానే ఆయన దగ్గరికి ఒక్కరే వెళ్ళాలి. లెక్క చెప్పాలి, కరెంటు తీశామో లేదో చెప్పాలి, గ్యాసు బండలూ పెట్రోలూ ఎక్కడున్నాయో చూపించాలి. ఆ క్షణం నుంచి పెద్దరికం ఆయనది.

ఇక అన్నింటికంటే కష్టమైన పని: ఆగమని చెప్పడం.

భూగర్భ గనిలో మంట అదుపు తప్పితే ఆ భాగానికి గాలి అందకుండా స్టాపింగులు (అడ్డుగోడలు) కట్టి సీలు వేస్తారు. అలా చేసేటప్పుడు లోపల మీథేన్ పెరుగుతుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే సీలు పడ్డాక మనుషులందరినీ గని నుంచి పైకి రప్పించి కొంతకాలం ఎవరినీ దిగనివ్వరు. సీలు వెనక గాలి నమూనాలు తీసి, ఆక్సిజన్ ఎంత తగ్గింది, దానికి కార్బన్ మోనాక్సైడ్ ఎంత పుట్టింది అని నిష్పత్తి కడతారు. ఒక్క నమూనా చూసి ఎవరూ నిర్ణయం తీసుకోరు. వరసగా వచ్చిన అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నదే చూస్తారు. నాయకుడికి ఓపిక కావాలంటే ఏమిటో ఈ పనిలో తెలుస్తుంది.

2010 నవంబరు 19న న్యూజిలాండ్‌లో పైక్ రివర్ గని పేలింది. 29 మంది లోపల ఉండిపోయారు. రెస్క్యూ జట్లు గని దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పంపమని కుటుంబాలు వేడుకున్నాయి. లోపలి గాలి ఎలా ఉందో తెలియనిదే పంపేది లేదని అధికారులు అన్నారు. 24న గని రెండోసారి పేలింది. జట్టు లోపల ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఆ గని నడిపిన తీరును తర్వాత విచారణ తీవ్రంగా తప్పుపట్టింది, అది వేరే విషయం. ఆపినవాళ్ళు ఆ ఐదు రోజులు తల్లుల ముఖాలు చూస్తూ ఆపారు. అంత బరువు మోయడానికి సిద్ధం లేనివాడు ఈ బాధ్యత తీసుకోకపోవడమే మంచిది.

కుటుంబాలతో ఎవరు మాట్లాడాలో మొదటి గంటలోనే తేల్చండి. బాయి మీద కబురు క్షణాల్లో కాలనీలు దాటుతుంది. గేటు దగ్గర గుంపు చేరుతుంది, తలా ఒక మాట అంటారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు కొందరిని ప్రాణాలతో తీశారు, ముగ్గురు చనిపోయారు, గాలింపు ఒక్క రోజులో ముగియలేదు. అలాంటి రోజుల్లో ఇంటివాళ్ళకు నీడ, నీళ్ళు, కూర్చునే చోటు, ఒకే ఒక్క మనిషి నోటి నుంచి వచ్చే కబురు కావాలి. గంటకోసారి వస్తానని చెప్పి గంటకోసారి రండి. చెప్పడానికి ఏమీ లేకపోయినా రండి, ఏమీ తెలియలేదనే చెప్పండి. తేలని పేర్లు పైకి అనకండి. ఎవరి ఇంటి మనిషి పోయాడో ఆ ఇంటివాళ్ళకు, విలేఖరులకంటే ముందు, పక్కకు తీసుకెళ్ళి చెప్పండి. ‘మీవాడు ధైర్యవంతుడమ్మా’ లాంటి మాటలతో మొదలుపెట్టొద్దు. జరిగింది సూటిగా చెప్పి, అక్కడే కూర్చోండి.

మంట ఆరిందన్నాక పని అయిపోయిందనుకోవడం బొగ్గు ప్రాంతంలో కుదరదు. పైన చల్లబడ్డ స్టాకు లోపల కాగుతూనే ఉంటుంది, రాత్రి గాలికి మళ్ళీ లేస్తుంది. బట్టల మూటలు, పత్తి, చెక్కపొట్టు, పాత ఫైళ్ళు కూడా అంతే. కాపలాకు ఒక మనిషిని కాదు, షిఫ్టుకొకరిని పెట్టండి. ఏ గంటకు ఎక్కడ చూశారో, పొగ ఉందో లేదో, చెయ్యి పెడితే వేడి తగిలిందో లేదో పుస్తకంలో రాయించండి. పొద్దున షిఫ్టు మారేటప్పుడు ఆ పుస్తకం కొత్త మనిషి చేతికి ఇచ్చి, చదివినట్టు సంతకం పెట్టించుకోండి. లోపలికి పోయి వచ్చినవాళ్ళను అదే రోజు ఇంటికి పంపే ముందు డాక్టరుకు చూపించండి. పొగ పీల్చినవాడు ‘నాకేం కాలేదు సార్’ అనే అంటాడు, ఆ మాట నమ్మొద్దు.

రెండు మూడు రోజులయ్యాక అందరినీ కూర్చోబెట్టి నిమిషం నిమిషం రాసుకోండి: మొదట ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, లెక్క తేలడానికి ఎంతసేపు పట్టింది, ఏ తలుపుకు తాళం ఉంది. తప్పెవరిదన్న ప్రశ్న ఆ రోజు వద్దు. వేస్తే నిజం చెప్పేవాళ్ళు నోరు మూసుకుంటారు. తాళం ఉన్న తలుపు తెరిపించి, ఆ నెలలోనే డ్రిల్లు పెట్టండి. డ్రిల్లులో మాత్రం మీరు లేనట్టు నటించి, మీ కింది మనిషితో నడిపించండి.